ఏడో మునక

1992 ఏప్రిల్ 23, గురువారం

అద్దంలో ఉన్న ఆ మనిషి నువ్వేనని ప్రమాణం చేసి చెప్పగలవా, కృపాదానం?

చెప్పలేవు. కళ్లు గీతలైపోయాయి. బుగ్గలు నూనెలో పొంగిన పూరీల్లా ఉన్నాయి. చెవి తమ్మెలు ఎర్రగా, బరువుగా వేలాడుతున్నాయి. మెడ మీద నీటిపొక్కులు వరస కట్టాయి, ఎవరో కొరడాతో గీసిపెట్టినట్టు. చేతుల మీదా అంతే. చొక్కా గుండీ పెట్టుకుందామంటే వేళ్లు వంగవు.

ప్రభువా, ఒంటినిండా పుండ్లతో యోబును కూర్చోబెట్టిన బూడిదలో నన్నూ కూర్చోబెట్టావా అని పైకే అడిగాను. వంటింట్లోంచి కరుణ జవాబిచ్చింది. "బూడిద ఎందుకండీ, మంగళవారం మింగిన పొగ చాలదా."

పొగ కాదు. ఇది పొగ పని కాదు. షేక్‌పేట వైపు ఆ ఖాళీ స్థలం మన కూటాలకు దొరకడమే ఒక ఆశ్చర్యకార్యం. పొదలు నరికాను, కుప్ప వేశాను, నా చేత్తోనే అగ్గిపుల్ల గీశాను. గాలి నా వైపుకే తిరిగినా కదలకుండా నిలబడి పాట పాడాను. ఆ స్థలం వాచ్‌మన్ నర్సింహ మాత్రం టీ తాగొస్తానని అప్పుడే జారుకున్నాడు. అతనికి ఒక్క పొక్కు లేదు.

మే ఎనిమిది నుంచి మూడు సాయంత్రాలు. ఏటా గుంటూరు నుంచో ఏలూరు నుంచో పెద్ద బోధకుణ్ణి పిలిపిస్తారు. ఈసారి సంఘం నన్నే నిలబెట్టింది. సెమినరీ గడప తొక్కనివాణ్ణి, షూటింగులకు జనరేటర్ వ్యాన్ తోలేవాణ్ణి, ఆ హోరు మీద కేకలు వేసీ వేసీ గొంతు సంపాదించుకున్నవాణ్ణి. ఇన్నేళ్లకు వచ్చింది ఆ పిలుపు.

సాతానుకు తెలుసు ఎక్కడ కొట్టాలో. కూటాలకు రెండు వారాల ముందు, సరిగ్గా ముఖం మీద కొట్టాడు.

కొబ్బరినూనె రాసుకుని ప్రార్థించాను. ఒళ్లంతా నిప్పు.

ఏప్రిల్ 24

కుడి కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఎడమ కంటితో యెషయా చదివాను. దేవుడి పనికి ఒక కన్ను చాలు.

ఏప్రిల్ 26, ఆదివారం

నిన్న రాయలేదు. రెండో కన్ను కూడా మూసుకుపోతే రాసేదెలా?

నిన్ననే గుడ్డివాడినై బెన్‌హర్ చెయ్యి పట్టుకుని వెంగళరావు నగర్ వెళ్లాను. కరుణ తమ్ముడు వాడు, సినిమావాళ్లకు మేకప్ వేస్తాడు. అందరి ముఖాలకీ పూత వేసే మనిషి తన మాటకు మాత్రం ఏ పూతా వెయ్యడు. ఆటోలో దారంతా అదే పాట.

"బావా, రాక్షసుడి వేషమంటే మేం పూటంతా రబ్బరు ముక్కలు అంటించి చస్తాం. నీకు దేవుడు ఉచితంగా ఇచ్చాడు. రేపు షూటింగుకి రారాదూ, డైలాగు కూడా అక్కర్లేదు, నడిస్తే చాలు."

చర్మం డాక్టరమ్మ పేరు రాజ్యలక్ష్మి. ముఖం చూడలేదు కాబట్టి గొంతు మాత్రమే నాకు తెలుసు. తొందరపడని గొంతు. కూర్చోకముందే నేను నా సంగతి చెప్పేశాను.

"అమ్మా, నా వైద్యుడు పైనున్నాడు. మా వాళ్ల పోరు పడలేక వచ్చాను."

"మంచిదండీ. ఆయన్ని కింద దాకా రమ్మనడమెందుకు, ఈ చిన్న పనికి నేనున్నానుగా. ఏం కాల్చారు?"

పొదలన్నాను. పొదలేనా, చెట్టేమైనా ఉందా అని అడిగింది. ఇంట్లో నేను చెప్పింది బెన్‌హర్ గుర్తు చేశాడు, ఒక చెట్టు మొద్దు గట్టిగా ఉంటే కొమ్మలు నరికి మంటలో వేశాను, వాటికి నల్లటి గింజలున్నాయి, కింద ఎర్రగా పండులా ఉంది.

"చాకలి బట్టల మీద గుర్తు పెట్టే గింజ. నల్లజీడి" అందామె. "దాని పాలు తగిలితేనే ఒళ్లు పొక్కుతుంది. మీరు పొగబెట్టుకుని మరీ ముఖానికి పట్టించుకున్నారు. ఆ పొగలో నిలబడి ఏం చేశారు?"

"పాట పాడాడండీ" అన్నాడు బెన్‌హర్.

డాక్టరమ్మ గొంతు సవరించుకుంది. నవ్వు ఆపుకుంటోందని గుడ్డివాడికి కూడా తెలుస్తుంది.

తర్వాత వరసగా ప్రశ్నలు. షుగర్ ఉందా, బీపీ ఉందా, కడుపులో పుండు ఉందా, ఎప్పుడైనా టీబీ వచ్చిందా, ఊపిరి ఆడుతోందా. అన్నిటికీ సరైన జవాబే చెప్పాను. పూత మందు దీనికి చాలదనీ, లోపలికి మాత్ర పడాలనీ, స్టెరాయిడ్ అంటారనీ చెప్పింది.

బెన్‌హర్ ఊరుకోడు కదా. "కుస్తీవాళ్లు మింగేది కదండీ అది?"

"అది వేరు. మీ బావగారికి కండలు రావు. ఆకలి వస్తుంది, నిద్ర తగ్గుతుంది, మనసు ఎగిరెగిరి పడుతుంది. పొద్దున్నే ఏదైనా తిన్నాకే వేసుకోవాలి." నా వైపు తిరిగినట్టుంది. "కృపాదానం గారూ, మీరు బండి తోలతారట. మీ ఫిల్మ్‌నగర్ నుంచి వచ్చే దారిలో చెక్‌పోస్టు దగ్గర దిగుడులో గేరు తీసేసి వదిలేస్తారా?"

"ఎంత మాటమ్మా. వెనక జనరేటరు బరువుంటుంది. గేరు తగ్గించుకుంటూ మెల్లగా దిగాలి."

"ఈ మందూ అంతే. మొదట ఎక్కువ, తర్వాత కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. మూడు రోజుల్లో ముఖం బాగుపడుతుంది, బాగుపడింది కదా అని వదిలేస్తారు. అప్పుడు లోపలున్న విషం మళ్లీ లేస్తుంది. బండి అడుగుకు చేరేదాకా గేరులోనే ఉండాలి. సరేనా?"

సరేనన్నాను.

ఈ రోజు ఎడమ కంట్లో వెలుగు కనబడింది. మా సంఘం కూడే రేకుల షెడ్డులో ఆరాధనకు పోలేదు. బెన్‌హర్ వాక్యం చదివాడట. ఆదికాండమంటే నిర్గమకాండం తీశాడట.

ఏప్రిల్ 27

రెండు కళ్లూ తెరుచుకున్నాయి. మొదట కనబడింది కరుణ ముఖం. ఎంత అలిసిపోయి ఉందో. ఇన్నాళ్లూ కళ్లుండీ చూడలేదు.

స్తోత్రం. స్తోత్రం. స్తోత్రం.

ఏప్రిల్ 28

ఇది మామూలు బలం కాదు. కోడి కూయకముందే లేచాను. గిన్నెలన్నీ తోమాను. వ్యాన్ కడిగాను. మూడు సాయంత్రాలకూ మూడు ప్రసంగాలు రాసుకున్నాను, నాలుగోది కూడా మొదలుపెట్టాను, నాలుగో సాయంత్రం లేకపోయినా. ఇడ్లీలు కరుణ వాయి దించేలోపు వాయి ఖాళీ చేశాను.

"కాస్త నమలండి" అంది.

ఏలీయాకు దూత రొట్టె తెచ్చిపెట్టి, లే, తిను, నీ ప్రయాణం దూరం అన్నాడు కదా. నా ప్రయాణమూ దూరమే. ఇది ఆత్మ బలం. నాకు తెలియదా ఆత్మ బలమంటే ఏమిటో?

మాత్ర కూడా వేసుకుంటున్నాను, కరుణ కోసం.

ఏప్రిల్ 29, బుధవారం

ఈ రోజును నేను మరచిపోను.

సాయంత్రం ప్రార్థనకు షెడ్డు నిండిపోయింది. నన్ను శనివారం చూసినవాళ్లు ఇప్పుడు చూసి నోరు తెరిచారు. నా చర్మం పసిబిడ్డ చర్మంలా ఉంది. సంఘ పెద్ద జేవియర్, సినిమా దుస్తులు కుట్టే దర్జీ, నా చెయ్యెత్తి అందరికీ చూపించాడు. గుడ్డ నాణ్యం చూపించినట్టు తిప్పి తిప్పి చూపించాడు.

మన షెడ్డులో సాక్ష్యం చెప్పడానికి ఒక పద్ధతుంది. నోటిమాట చాలదు. బల్ల పక్కన రేకుతొట్టి ఉంటుంది. విడిచిపెట్టింది ఏదో అది తెచ్చి అందులో వెయ్యాలి. తాయెత్తులు పడ్డాయి అందులో, బీడీ కట్టలు పడ్డాయి, సారా సీసాలు పడ్డాయి. అది మా సంఘం గర్వం. అందరూ తొట్టి వైపు చూస్తున్నారు. నా జేబులో మాత్రల అట్ట ఉంది.

బాగుపడ్డవాడు మందు జేబులో దాచుకుని సాక్ష్యం చెబితే అది సాక్ష్యమా? గోనెపట్టా కట్టుకుని పెళ్లికి పోవడం కాదా?

అట్ట తీసి ఎత్తి పట్టుకున్నాను. "ఇది నన్ను నిలబెట్టలేదు. నన్ను నిలబెట్టినవాడు నిలబెట్టాడు" అని తొట్టిలో వేశాను. నీళ్లు పోయించాను. షెడ్డు రేకులు అదిరాయి. ముందు వరసలో మార్తమ్మ, ఉబ్బసం మనిషి, ఆ పీలగొంతుతోనే అందరికంటే గట్టిగా ఆమెన్ అంది.

జేవియర్ అప్పటికప్పుడే చెప్పాడు, చెక్‌పోస్టు రోడ్డు మీద బ్యానర్ కట్టిస్తానని. "మందు లేకుండా స్వస్థత" అని పెద్దక్షరాలు.

ఇంటికొచ్చాక కరుణ అన్నం పెట్టింది. కంచం ముందు పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మే 1

మెడ మీద చెమట పొక్కులు. ఎండలు ముదిరాయి కదా.

మే 2

దురద లేదు.

ప్రసంగం చూసుకున్నాను. దురద లేదు.

కరుణ నా గోళ్లు కత్తిరించింది.

మే 3, ఆదివారం

పొద్దున అద్దం చూడలేదు. చూడకుండానే తెలిసింది, తలగడ తడిగా ఉంది.

ఆరాధనకు పోకపోతే బ్యానర్ ఏమవుతుంది? పోతే ఈ ముఖం ఏమవుతుంది? బెన్‌హర్ తన మేకప్ పెట్టె తెచ్చి మంచం మీద తెరిచాడు. నాకు చెప్పకుండా కరుణే కబురు చేసిందని రాద్దామనుకున్నాను. కాదు, నేనే పిలిపించాను. రాసుకోవడానికి కూడా సిగ్గేస్తోంది, రాసుకుంటున్నాను.

"లిప్‌స్టిక్ వేసుకున్న ఆడవాళ్లు ముఖానికి రంగు పూసుకున్న యెజెబెలు రాణి చెల్లెళ్లని పోయిన క్రిస్మస్‌కి నువ్వే కదా అన్నావు బావా" అన్నాడు, స్పాంజి తడుపుతూ.

"ఇది అలంకారం కాదు. కవచం."

"కవచానికి రంగు ఏది వెయ్యమంటావు? హీరోకి వేసేదా, తండ్రి పాత్రకి వేసేదా?"

పచ్చి చర్మం మీద ఆ పూత పడుతుంటే పళ్లు బిగబట్టాను. వాడి చెయ్యి ఆగింది. నవ్వడం మానేశాడు. "బావా, ఇది నేను కప్పగలను గానీ నీకు తగ్గించలేను. డాక్టరమ్మ దగ్గరికి పోదాం" అన్నాడు. కూటాలయ్యాక పోదామన్నాను.

రేకుల కింద మే నెల ఎండ. ప్రసంగం సగంలో బుగ్గ మీంచి పూత జారి చొక్కా కాలరు మీద పడింది. జేవియర్ కాలరు చూశాడు, ముఖం చూశాడు, పాట అందుకున్నాడు.

బయటికొచ్చాక నా చెవి దగ్గర, "శుక్రవారం దాకా నెట్టుకురా బ్రదర్. బ్యానర్ కట్టేశాం" అన్నాడు.

మార్తమ్మ రాలేదు. ఎందుకు రాలేదని నేను అడగలేదు.

మే 4, సోమవారం

మధ్యాహ్నం నర్సింహ పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా, జర జల్ది రా. మార్తమ్మకు దమ్ము ఆడుతలేదు. గోడకు ఆనుకొని కూసుంది, మాట వస్తలేదు. నిన్నటి సంది గట్లనే ఉన్నదట."

వ్యాన్ తీశాను. ఆమె గది బండరాళ్ల సందులో, బండి పోదు. నర్సింహా నేనూ చేతుల మీద మోసుకొచ్చాం. బరువే లేదు. ముంగిట్లో ఎండబెట్టిన చీరంత ఉంది. పెదవులు నీలం. ఒళ్లు చల్లగా, చెమటగా. నాకు తెలిసిన డాక్టరు ఒక్కరే. వెంగళరావు నగర్ వైపు తిప్పాను.

బండిలో కరుణ ఆమె తల ఒళ్లో పెట్టుకుని అడిగింది. "మాత్రలు వేసుకున్నావా పిన్నీ?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక్కో మాట. "పారేశాను. అయ్యగారు పారేసింది. నా మాత్రలాంటిదే. చూశాను. అందుకే ప్రభువు నాకే చెప్పాడనుకున్నా."

స్టీరింగు నా చేతుల్లో ఉంది. రోడ్డు కనబడలేదు.

రాజ్యలక్ష్మమ్మ తను చర్మం డాక్టరునని కూర్చోలేదు. పక్కగదిలో ఉండే పెద్ద డాక్టర్ని పిలిచింది. ఇద్దరూ కలిసి సూది వేశారు, గాలి పెట్టారు. సాయంత్రానికి మార్తమ్మ పెదవుల్లో ఎరుపు వచ్చింది. అప్పుడు డాక్టరమ్మ బయటికొచ్చి నా ముందు నిలబడింది. ఈసారి ఆమె ముఖం చూశాను. నా కంటే చిన్నది.

"ఆవిడ ఏళ్లుగా ఊపిరి కోసం వేసుకునేది మీకిచ్చిన మందే. అన్నేళ్లు బయటినుంచి ఇస్తే ఒళ్లు తను చేసుకోవాల్సింది మరచిపోతుంది. ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఇప్పుడు సూదితో నిలబెట్టాం. రేపు పొద్దున మాత్ర పడాలి. పడకపోతే నేనేమీ హామీ ఇవ్వలేను."

తర్వాత నా ముఖం చూసింది. పూత చారలు, చారల మధ్య పొక్కులు.

"గేరు తీసేసి వదిలేశారన్నమాట."

"అవునమ్మా."

తిట్టి ఉంటే బాగుండేది. మళ్లీ చీటీ రాసింది, మొదటి మాత్ర రేపు పొద్దున.

లోపలికి పోయి మార్తమ్మ మంచం పక్కన కూర్చున్నాను. మందు వేసుకోమ్మా అన్నాను. కళ్లు మూసుకునే ఉంది గానీ, మాట మాత్రం సూటిగా వచ్చింది.

"మీకు అక్కర్లేనిది నాకెందుకు అయ్యగారూ? నాకు విశ్వాసం తక్కువా?"

"నాకూ కావాలమ్మా. రేపటినుంచి నేనూ వేసుకుంటున్నాను. చూడు, చీటీ."

"చాటుగా వేసుకుంటారా?"

చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

"పదిమందిలో పారేశారు. నా ఒక్కదాని చెవిలో చెబితే ఏం సాక్ష్యం అది? పదిమందిలో మింగండి, అప్పుడు నేనూ మింగుతా. లేకపోతే నన్నిలా పోనివ్వండి, నమ్మకంతోనైనా పోతాను."

ఊపిరి ఆడక ఆగి ఆగి అన్న మాటలవి. ఒక్క మాట వృథా పోలేదు.

కబురు తెలిసి వచ్చిన జేవియర్ గది గుమ్మంలో నిలబడి విన్నాడు. వరండాలోకి లాక్కుపోయాడు. "ముసలావిడ మొండితనానికి నువ్వు తూగకు. శుక్రవారం కూటం కానివ్వు. ఇప్పుడు మాట మారిస్తే ఇంకెప్పుడూ నిన్ను బల్ల ఎక్కనివ్వరు. గుంటూరాయన్నే పిలిపిస్తారు. నీకూ నాకూ మర్యాద ఉండదు."

"శుక్రవారం దాకా ఆమె ఉండదు జేవియరూ."

"ప్రభువు చూసుకుంటాడు."

ప్రభువు చూసుకునే ఈ డాక్టరమ్మను పెట్టాడు. పక్కగది డాక్టర్ని పెట్టాడు. ఆ మాత్రను పెట్టాడు. ఇంకేం పంపించాలి, ఆకాశంలోంచి రథమా?

వరండా బల్ల మీద కూర్చుని వాక్యం తెరిచాను. నయమాను దగ్గర తెరుచుకుంది. తెరుచుకుందని రాశాను గానీ, నిజానికి నేనే వెతికి తీశాను. సైన్యాధిపతి. చర్మరోగి. బాగవ్వాలంటే యొర్దాను నదిలో ఏడు మునకలు మునగమని కబురొస్తే కోపం వచ్చింది ఆయనకి, ప్రవక్త బయటికొచ్చి చెయ్యి ఆడిస్తే పోతుందనుకున్నాడు. ఆ కథ మీద ఎన్నిసార్లు ప్రసంగించాను. ఒక్కసారీ ఈ సంగతి తట్టలేదు. మూడో మునకకే దురద తగ్గి ఉంటే ఆయన ఏం చేసేవాడు? ఒడ్డుకొచ్చి సాక్ష్యం చెప్పేవాడా? నాలుగు మునకలు బాకీ పెట్టి రథమెక్కేవాడా?

ఒడ్డుకొచ్చింది నువ్వే, కృపాదానం. మూడో మునకకే.

మే 5, మంగళవారం

జయం. రాసి తీరాలి.

తెల్లారుతూనే వ్యాన్ మీద మైకు కట్టి బస్తీ అంతా తిప్పాను. "కృపాదానం సాక్ష్యం మారింది. వినదల్చుకున్నవాళ్లు బండెక్కండి." ఎక్కినవాళ్లు ఎక్కారు, ఎక్కనివాళ్లు ఏమైందోనని వెనకాలే ఆటోల్లో వచ్చారు. రేకుతొట్టి కూడా ఎత్తించాను. నర్సింహ మన సంఘంవాడు కాదు, అతనూ ఎక్కాడు. "చెట్టు నా జాగల మొలిచింది. ఏమైతదో నేను గూడ చూడాలె కదన్నా" అన్నాడు.

వెంగళరావు నగర్‌లో మా దండు దిగేసరికి ఇళ్లవాళ్లు గేట్ల దగ్గరికొచ్చారు. డాక్టరమ్మ బయటికొచ్చింది. "ఏంటండీ ఇది, ఊరేగింపా?"

"వైద్యమేనమ్మా. కిటికీ తెరిపించండి."

మార్తమ్మ మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపారు. ఆమె ముఖం ఊచల వెనక తెల్లగా కనబడింది. కరుణ టిఫిన్ డబ్బా తెరిచి ఇడ్లీ నా నోట్లో పెట్టింది, వీధిలో, అందరి ముందూ. తిన్నాకే వేసుకోవాలి కదా. జనంలో ఎవరో నవ్వారు. నవ్వనీ.

తొట్టి బోర్లించాను. దాని మీద ఎక్కాను. ముఖానికి పూత లేదు. పొక్కులు పొక్కుల్లాగే, చీము చీములాగే ఉన్నాయి.

"ఈ ముఖం చూడండి. బుధవారం మీరు చూసిన ముఖం ఈ మాత్ర ఇచ్చింది. ఆదివారం మీరు చూసింది బెన్‌హర్ పూసింది. ఈ రోజు చూస్తున్నదే నాది. నేను మందు పారేసినందుకు ఇది తిరిగొచ్చింది. ఇది నా ఒంటితో పోతే నాకు బాధ లేదు. నన్ను చూసి ఒక తల్లి తన ఊపిరిని ఈ తొట్టిలో వేసింది. ఆ కిటికీలో ఉంది ఆమె. దేవుడు నయమానుకు నది చూపించాడు. యొర్దాను నీళ్లు గొప్పవా? బురద నీళ్లు. ఆ నీళ్లలోకి దిగమన్నవాడు గొప్పవాడు. హిజ్కియా రాజు పుండుకు అంజూరపు ముద్ద కట్టించింది ఎవరు? సువార్త రాసిన లూకా వైద్యుడు కాదా? నది పంపినవాడే మాత్ర పంపితే, మూడో మునకకే ఒడ్డెక్కి, నాకు నది అక్కర్లేదని అరిచినవాణ్ణి నేను. మళ్లీ నీళ్లలోకి దిగుతున్నాను. ఏడోది మునిగేదాకా లేవను."

మాత్ర ఎత్తి అందరికీ చూపించాను. నాలుక మీద పెట్టుకున్నాను. నీళ్లు తాగాను. మైకు నా గొంతు దగ్గరే ఉంది. ఆ గుటక శబ్దం వీధి చివరిదాకా వినబడిందట.

కిటికీలోంచి చెయ్యి ఒకటి బయటికొచ్చింది, అరచెయ్యి చాపి. డాక్టరమ్మ ఆ చేతిలో మాత్ర పెట్టింది. మార్తమ్మ దాన్ని కాసేపు చూసుకుంది. నోట్లో వేసుకుంది. గ్లాసు ఖాళీ చేసి బోర్లించి చూపించింది, ఒక్క చుక్క లేదని.

ఆమెన్ అంది. ఈసారి షెడ్డు రేకులు లేవు, అదరడానికి. వీధి అదిరింది.

డాక్టరమ్మ నా దగ్గరికొచ్చి తొట్టి దిగమంది. దిగాక మెల్లగా అంది, "ప్రసంగం బాగుంది. కానీ రేపటి మాత్ర ప్రసంగం లేకుండా వేసుకోండి."

మే 6

మాత్ర వేసుకున్నాను. ప్రసంగం లేదు.

జేవియర్ మాట్లాడటం లేదు. బెన్‌హర్ మాత్రం నిచ్చెనేసుకుని చెక్‌పోస్టు దగ్గర బ్యానరెక్కాడు. "మందు లేకుండా" మీద తెల్లరంగు కొట్టి కిందకు దిగాడు. ఇప్పుడు "స్వస్థత" ఒక్కటే ఉంది. ఇంత చక్కటి బ్యానర్ ఫిల్మ్‌నగర్‌లో ఇంకోటి లేదు.

మే 7

ఆకలి. నిద్ర లేదు. మనసు ఎగిరెగిరి పడుతోంది. ఆత్మ బలమనుకుంటే అనుకోవచ్చు, మందు బలమనుకుంటే అనుకోవచ్చు. రెండింటినీ పంపినవాడు ఒకడే. అయినా కరుణ ముందు ఎగరడం లేదు. గిన్నెలు మాత్రం తోమాను.

మార్తమ్మ నిన్న రెండు ముద్దలు తిన్నదట. కూర చప్పగా ఉందని నర్సును తిట్టిందట. ఎవరినైనా తిడుతోందంటే ఆమె బాగున్నట్టే.

మే 8, శుక్రవారం

జనం రారేమోనని భయపడ్డాను. బండరాళ్ల మీద కూడా కూర్చున్నారు. వెంగళరావు నగర్ సంగతి బస్తీలన్నీ తిరిగిందట. జేవియర్ చివర్లో నిలబడ్డాడు, మడత కుర్చీ చేతిలో పట్టుకుని, కూర్చోవాలా పోవాలా తేలనట్టు. పాట మొదలయ్యాక కుర్చీ విప్పాడు.

నేను కాల్చిన చోటే వేదిక. నల్లటి మచ్చ ఇంకా ఉంది. రాసుకున్న మూడు ప్రసంగాలూ పక్కన పెట్టి నయమానునే తీశాను. చెక్‌పోస్టు దిగుడునీ తీశాను. బరువైన బండివాడు దిగుడులో గేరు తీసేస్తే కింద ఎవరుంటారు? వాడి పిల్లలుంటారు, వాడి వెనక నడిచేవాళ్లుంటారు. జనంలో లారీ డ్రైవర్లు చాలామంది. వాళ్లు మొదట లేచి నిలబడ్డారు.

చివర్లో తొట్టి ముందుకు జరిపించాను. "దీనిలో ఇకమీద మందు పడదు. సారా సీసా తీసుకురండి, బీడీ కట్ట తీసుకురండి. మందు తెచ్చారంటే తిరిగి ఇంటికి పంపిస్తాను, పూర్తి చేసి రమ్మంటాను."

మార్తమ్మను డాక్టరమ్మే తన కారులో తీసుకొచ్చింది. వెనక వరసలో కూర్చుని ఆ పీలగొంతుతోనే నా ప్రతి వాక్యానికీ ఆమెన్ అంటూ, మధ్యలో పక్కావిడతో నా ఉచ్చారణ బాగోలేదంటోందట.

దేవా, నన్ను నిలబెట్టింది నువ్వే. ఏ బల్ల మీదో అనుకున్నాను. బోర్లించిన తొట్టి మీద.

మే 9, శనివారం, పొద్దున

నిన్న కూటమయ్యాక ఒకావిడ నా దగ్గరికొచ్చింది. పేరు మంజులత. షేక్‌పేట పాత ఊళ్లో ఉంటుందట. మొగుడికి ఎర్రగడ్డ టీబీ ఆస్పత్రిలో ఛాతీ జబ్బు మందులిచ్చారు. దగ్గు తగ్గిందని సగంలో మానేశాడట. ఇప్పుడు మళ్లీ నెత్తురు పడుతోంది. ఆస్పత్రికి మళ్లీ పోనంటున్నాడు. "మీరు చెబితే వింటాడేమో అన్నా" అంది. సాయంత్రం కూటానికి తీసుకురమ్మన్నాను.

తప్పు. అది తప్పు. కూటానికి ఎందుకు రావాలి అతను? మార్తమ్మ శుక్రవారం దాకా ఆగగలిగిందా?

నయమానుకు నది దగ్గరికి నడిచే కాళ్లున్నాయి. ఇతనికి లేవు. నదే అతని దగ్గరికి పోవాలి.

లే, కృపాదానం. ప్రసంగం తర్వాత దిద్దుకోవచ్చు. ఇడ్లీ తిను, నీ మాత్ర నువ్వు మింగు, అట్ట జేబులో పెట్టుకో, అతనికి చూపించడానికి. బండి తాళం మేకుకుంది. అతను రానంటే మొన్న మార్తమ్మను మోసినట్టు చేతుల మీద ఎత్తుకో. ఎర్రగడ్డలో తలుపులు తెరిచే ఉంటాయి. సాయంత్రం అని ఇంకొక్కసారి అనకు. ఈ రోజే. ఎండ ఎక్కకముందే. పెన్ను పెట్టు, పో.